బరంపురం నుంచి కళింగ స్టేడియానికి: హాకీ ప్రపంచ కప్ చూసొచ్చిన సంగతులు

2023 జనవరిలో పురుషుల హాకీ ప్రపంచ కప్ మన ఒడిశాలోనే జరిగింది. 2018లో మ్యాచ్‌లన్నీ భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలోనే పెట్టారు. ఈసారి రూర్కెలాలో కొత్తగా కట్టిన బిర్సా ముండా స్టేడియానికి కూడా కొన్ని ఇచ్చారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉండే మన తెలుగువాళ్లకి రూర్కెలా అంటే రాష్ట్రం ఆ చివర. భువనేశ్వర్ అలా కాదు. బరంపురంలో రైలెక్కితే దాదాపు 165 కిలోమీటర్లు. ప్రపంచ కప్ ఇంత దగ్గరికి వచ్చినప్పుడు చూడకుండా ఎలా ఉంటాం? అమ్మ, నేను, పర్లాకిమిడి నుంచి మా బావ కలిసి బయల్దేరాం.

ఇలా వెళ్లాలనుకునేవాళ్లకి ముందే ఒక మాట చెబుతాను. టికెట్ గురించి అందరూ టెన్షన్ పడతారు. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది రాత్రి ఎక్కడ పడుకుంటాం అన్నది. మేం వెళ్లిన రోజుల్లో రెండో మ్యాచ్ సాయంత్రం 7 గంటలకి మొదలైంది. స్కోర్లు సమమై, గెలుపు తేల్చే షూటౌట్ దాకా వెళ్లిందంటే తొమ్మిది దాటుతుంది. జనంలోంచి బయటపడి స్టేషన్ చేరేసరికి మరో గంట. ఆ తర్వాత బరంపురం బండి కోసం చూస్తే ఏ అర్ధరాత్రో ఇల్లు చేరతాం. కుర్రాళ్లయితే పర్లేదు, పెద్దవాళ్లు ఉంటే అక్కడే ఆగిపోవడం మేలు.

వెళ్లేటప్పుడు మాత్రం పగటి బండే ఎక్కండి, కుడివైపు కిటికీ చూసుకోండి. రంభ దగ్గర మొదలై బాలుగావ్ దాటేదాకా చిలికా సరస్సు కనిపిస్తూ, మాయమవుతూ ఉంటుంది. మా బావ లాగా పర్లాకిమిడి వైపు నుంచి వచ్చేవాళ్లు పలాస వెళ్లి రైలెక్కడం తేలిక. రాయగడ, కోరాపుట్ వాళ్లకి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది, రాత్రి పడుకుంటే పొద్దున భువనేశ్వర్‌లో దిగొచ్చు.

బస విషయంలో మాకు ఎదురైంది చెబుతాను. స్టేషన్ దగ్గర, మాస్టర్ క్యాంటీన్ కూడలి వైపు ఒక లాడ్జిలో ఫోన్ చేసి గది మాట్లాడుకున్నాం. తీరా వెళ్లాక, ఇండియా మ్యాచ్ ఉంది కాబట్టి రేటు మారిందన్నారు. ఫోన్‌లో చెప్పిన మాట అడిగితే సమాధానం లేదు. అమ్మని నిలబెట్టి బేరమాడటం ఇష్టం లేక వచ్చేశాం. స్టేడియానికి దగ్గర కదా అని జయదేవ్ విహార్ వైపు అడిగితే అవన్నీ పెద్ద హోటళ్లు, మా తాహతుకి మించినవి. చివరికి పాత ఊళ్లో, లింగరాజ ఆలయం దగ్గర ఒక చిన్న బసలో చోటు దొరికింది. గది చిన్నదే, కానీ శుభ్రంగా ఉంది. వేడినీళ్లు అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు. పొద్దున్నే నడిచివెళ్లి దర్శనం చేసుకోవచ్చు. స్టేడియానికి కాస్త దూరమైనా, ఇంట్లో పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు పాత ఊరికే. పూరీలో ఉండి వస్తే సరిపోదా అని కొందరు అంటారు. దాదాపు 60 కిలోమీటర్లు, మ్యాచ్ అయ్యాక ఆ దారి పట్టాలంటే ఓపిక ఉండాలి.

ఊళ్లో తిరగడానికి అప్పట్లో మో బస్ అనే సిటీ బస్సు బాగా పనికొచ్చింది. 2018 ప్రపంచ కప్‌కి కాస్త ముందు, ఆ నవంబర్‌లోనే మొదలైన సర్వీసు ఇది. పగలు హాయిగా కూర్చుని వెళ్లాం. మ్యాచ్ వదిలాక బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు, ఆటోవాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతున్నారు. ఆచార్య విహార్ దాకా నడిచివెళ్లి అక్కడ ఎక్కితే కాస్త నయం.

గేటు లోపల ప్రపంచ కప్ బొమ్మ ఆలీ కనిపించింది. ఆలీ అంటే ఆలివ్ రిడ్లీ తాబేలు. అవి గుడ్లు పెట్టడానికి వచ్చే చోట్లలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు ఒకటి, అంటే మన గంజాం తీరమే. "ఇది మన ఊరి తాబేలే కదరా" అని అమ్మ దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. లోపల దొరికేది ఎక్కువగా చిరుతిండే, కడుపు నింపుకుని వెళ్లండి. మేం స్టేషన్ దగ్గర బొరా (గారెలు), గుగుని (బఠాణీ కూర) తినేసి వెళ్లాం.

ఇక ఆట. జనవరి 22న రెండు మ్యాచ్‌లు. మొదట మలేషియా, స్పెయిన్ 2-2తో ఆగి షూటౌట్‌కి వెళ్లాయి, స్పెయిన్ గెలిచింది. తర్వాత ఇండియా, న్యూజిలాండ్. గెలిస్తే క్వార్టర్ ఫైనల్, ఓడితే ఇంటికి. మనవాళ్లు 2-0తో ముందున్నారు, తర్వాత 3-1 కూడా అయింది. స్టేడియం ఊగిపోతోంది. మా వెనక వరుసలో శ్రీకాకుళం యాసలో అరుపులు వినిపించి తిరిగి చూస్తే ఇచ్ఛాపురం కుర్రాళ్లు. చివరికి 3-3. షూటౌట్‌లో ఆటగాడు 23 మీటర్ల గీత దగ్గర మొదలుపెట్టి 8 సెకన్లలో గోల్ కొట్టాలి. టీవీలో చూసేటప్పుడు ఆ 8 సెకన్లు ఇట్టే అయిపోతాయి. అక్కడ కూర్చుంటే ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉన్నామో అనిపిస్తుంది. మధ్యలో మన గోల్‌కీపర్ శ్రీజేష్ గాయపడి బయటికి వచ్చేస్తే కృషన్ పాఠక్ గోల్‌లోకి వెళ్లాడు. 5-4తో న్యూజిలాండ్ గెలిచింది. మా బావ కుర్చీలోంచి లేవలేదు. "హార్దిక్ ఉండుంటేరా" అన్నాడు. రూర్కెలాలో ఇంగ్లండ్ మీద ఆడుతూ తొడ కండరం పట్టేసి హార్దిక్ సింగ్ టోర్నీకి దూరమయ్యాడు. నాకూ అదే బాధ, ఇప్పటికీ ఉంది.

ఇండియా లేని మ్యాచ్‌కి వెళ్లి ఏం చేస్తాం అని చాలామంది మర్నాడే వెనక్కి వెళ్లిపోయారు. గది ఎలాగూ ఉంది కాబట్టి మేం ఆగాం. ఆ రోజు సీట్లు తేలిగ్గా దొరికాయి, మైదానానికి దగ్గరగా కూర్చున్నాం. మ్యాచ్‌కి ముందు నీలం టర్ఫ్ మీద నీళ్లు కొడతారు. బంతి దొర్లుతుంటే దాని వెనక సన్నగా తుంపర లేస్తుంది, అది అంత దగ్గర్నుంచి చూస్తే గానీ తెలియదు. జనం కేకలు లేవు కాబట్టి స్టిక్ తగిలిన చప్పుడు, బంతి గోల్ చెక్కకి కొట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించాయి. గోల్‌కీపర్ తన డిఫెండర్ల మీద అరిచే అరుపులు కూడా. జర్మనీ 5-1తో ఫ్రాన్స్‌ని ఓడించింది. తర్వాత అర్జెంటీనా, దక్షిణ కొరియా మ్యాచ్ 5-5! షూటౌట్‌లో కొరియా గెలిచింది. హాకీ తెలియని అమ్మ కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒక్క రోజు టికెట్టే కొనగలిగితే నేను ఇలాంటి రోజుకే కొంటాను. ఇండియా ఆడే రోజు ఉత్సాహం వేరు, కాదనను. కానీ ఆ గోలలో ఆట సగం కూడా కళ్లకి ఎక్కదు.

29న ఫైనల్ మాత్రం ఇంట్లో టీవీలోనే చూశాం. బెల్జియం 2-0తో ముందుంటే జర్మనీ వెంటాడి 3-3 చేసుకుని, షూటౌట్‌లో 5-4తో కప్ పట్టుకెళ్లింది. 2002, 2006 తర్వాత వాళ్లకిది మూడోది.

కళింగ స్టేడియంలో ఆ తర్వాతా అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగాయి, దేశాల మధ్య ఆడే ప్రో లీగ్ లాంటివి. ఈసారి పెద్ద టోర్నీ వచ్చినప్పుడు స్టేడియం గేటు దగ్గర్నుంచే బరంపురం, పర్లాకిమిడి వైపు రాత్రి పదింటికి ప్రత్యేక బస్సులు వేయాలి. ఛత్రపురంలో, ఆస్కాలో హాకీ స్టిక్ పట్టుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్లని తీసుకెళ్లే తల్లిదండ్రులకి లాడ్జి ఖర్చు తప్పితే ఎంతోమంది బయల్దేరతారు. మేం తిరుగు ప్రయాణంలో పొద్దున బండి ఎక్కాం, చిలికా చూడాలంటే ఈసారి ఎడమవైపు కూర్చోండి.