చెదలకి ఇమిడాక్లోప్రిడ్: ఆరేళ్ళ వాడకం తర్వాత

అమలాపురం దగ్గర పంటకాలవ పక్కన మా ఇల్లు. నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, గోడలకి ఏడాది పొడుగునా చెమ్మ, చెదలకి ఇంకేం కావాలి!

2019లో ఉగాదికి ఇల్లు దులుపుతుంటే దేవుడి గది ద్వారబంధం వెనక పెన్సిల్ మందాన మట్టి గొట్టం కనిపించింది. అంతకు ముందే కిటికీ దగ్గర రాలిన రెక్కలు చూసి, ఉసిళ్ళే కదా అని ఊడ్చేశాను. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే. నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటాయి, రెక్కల చీమకున్నట్టు సన్న నడుం ఉండదు. బంధాన్ని తడితే డొల్ల శబ్దం, స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది.

మొదట కిరసనాయిలు పోశాను, స్ప్రే కొట్టాను. పైకి కనిపించినవి చచ్చాయి, నెల తిరక్కుండా పక్క గోడకి పట్టాయి. రాణి మట్టిలో ఉంటే పైన ఎంత కొట్టినా ఏం లాభం?

అప్పుడు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు వేయించాను. లీటరు నీటికి 2.1 మి.లీ., గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు, ఒక్కోదాంట్లో లీటరు మందునీళ్ళు, పైన సిమెంటు. పనివాళ్ళు రెండడుగులకొకటి వేస్తుంటే ఆపి టేపుతో కొలిపించాను, మీరూ దగ్గరుండి చూసుకోండి. చెదలు ఈ మందుని పసిగట్టలేవు, ఒంటికి అంటించుకుని వెళ్ళి మిగతావాటికీ అంటిస్తాయి, అందుకే వెంటనే ఫలితం కనపడదు. మూడు వారాలు టెన్షన్ పడ్డాను. నాలుగో వారం గొట్టం విరిస్తే ఖాళీ!

ఈ ఆరేళ్ళలో మళ్ళీ వచ్చింది ఒక్కసారే, 2023లో, స్నానాలగది వెనక గోడకి. పైపు లీకై అక్కడి మట్టి ఎప్పుడూ తడిగా ఉండేది. లీకు ఆపించి ఆ గోడకి మాత్రం మళ్ళీ వేయించాను. తడి ఆపకుండా మందు మీద డబ్బు పెట్టొద్దని నా గట్టి మాట.

బావి, చేతిపంపు దగ్గర మాత్రం వేయించకండి. రొయ్యల చెరువులోకి చుక్క కూడా పోకూడదు, రొయ్యలకి అది విషం. అటకమీది తాటి దూలాలకి నేను మందు కొట్టలేదు, మా నాన్నగారు పూసినట్టే జీడిపిక్కల నూనె పూస్తాను (చేతులకి తొడుగులు తప్పనిసరి, ఒళ్ళు బొబ్బలెక్కుతుంది). కొబ్బరి కమ్మలూ డొక్కలూ ఇప్పుడు గోడకి ఆనించకుండా దూరంగా, ఇటుకల మీద పెడుతున్నాం.