మాస్టొడాన్, బ్లూస్కై: రకరకాల విషయాలు చదవాలంటే ఏది మేలు?

ఎక్స్‌తో (పాత ట్విట్టర్) విసిగిపోయి వేరే చోటు వెతుక్కునేవాళ్లకు ముందుగా వినబడే పేర్లు రెండు: మాస్టొడాన్, బ్లూస్కై. ఏది ఎవరి చేతిలో ఉంది, ఎందులో ప్రైవసీ ఎక్కువ అన్న చర్చ చాలానే జరిగింది. అకౌంట్ తెరిచాక చదవడానికి ఏం దొరుకుతుందన్నది మాత్రం తక్కువమంది అడుగుతారు. మాస్టొడాన్‌లోకి వెళ్తే లైనక్స్, ప్రోగ్రామింగ్. బ్లూస్కైలోకి వెళ్తే అమెరికా రాజకీయాలు. మిర్చి ధర గురించో, మొన్నటి కచేరీ గురించో, పిల్లల చదువు గురించో మాట్లాడదామని వచ్చిన మనిషి నాలుగు రోజులు చూసి వెళ్లిపోతాడు. అలాంటివాళ్లు ఎక్కడ నిలబడగలరు అన్నదే ఇక్కడ నా కొలమానం.

థ్రెడ్స్‌లో జనం బాగానే ఉన్నారు. కానీ అది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటాదే కాబట్టి దాన్ని ప్రత్యామ్నాయంగా లెక్కపెట్టడం లేదు.

మాస్టొడాన్‌ను 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టాడు. ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకోవచ్చు, ఆ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. ప్రకటనలు లేవు. మనం ఫాలో అయినవాళ్ల పోస్టులు వచ్చిన వరసలోనే కనిపిస్తాయి, మధ్యలో అల్గారిదమ్ దూరదు. ఈ ప్రశాంతత నాకు చాలా ఇష్టం. కొత్త విషయం రాసేవాళ్లకు చిక్కు కూడా ఇక్కడే వస్తుంది. ట్రెండింగ్ జాబితా తప్ప పైకి ఎత్తి చూపేది ఏదీ లేదు కాబట్టి వాళ్ల పోస్టు చాలామంది కంట పడదు. చిన్న సర్వర్‌లో అయితే మరీ కష్టం: అక్కడ ఉన్నవాళ్లు బయట ఎవరిని ఫాలో అవుతున్నారో, ఎక్కువగా వాళ్ల పోస్టులే అక్కడికి చేరతాయి. పోస్టులో ఫలానా మాట ఉందా అని వెతికితే, రాసినవాళ్లు ముందుగా అనుమతించిన పోస్టులే దొరుకుతాయి. ఇక మిగిలింది హ్యాష్‌ట్యాగ్. మనిషిని ఫాలో అయినట్టే హ్యాష్‌ట్యాగ్‌నూ ఫాలో అవొచ్చు, మంచి సదుపాయమే. కానీ ఆ ట్యాగ్‌తో రాసేవాళ్లంటూ ఉండాలి కదా.

2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసినప్పుడు మనదేశం నుంచి చాలామంది నిరసనగా మాస్టొడాన్‌కు వచ్చారు. ఆ ఊపు ఎక్కువకాలం నిలవలేదు. కోపంతో వచ్చినవాళ్లు ఆ కోపం తగ్గాక కూడా ఉండాలంటే రోజూ చదవడానికి ఏదో ఒకటి కావాలి. అప్పట్లో అది లేదన్నదే నా అభిప్రాయం.

బ్లూస్కై ట్విట్టర్‌లోనే ఒక ప్రాజెక్టుగా పుట్టి, తర్వాత విడిగా కంపెనీ అయింది. 2024 ఫిబ్రవరి దాకా ఆహ్వానం ఉంటేనే లోపలికి రానిచ్చేవారు. దీని బలమంతా ఫీడ్‌లలో, అంటే ఒక విషయం ప్రకారం ఏరిన పోస్టుల వరసల్లో ఉంది. ఇక్కడ ఫీడ్‌ను ఎవరైనా తయారు చేయొచ్చు. స్కైఫీడ్, గ్రేజ్ లాంటివి వాడితే కోడ్ రాయడం రాకపోయినా పనవుతుంది. అమెరికాలోని నల్లజాతివాళ్ల కోసం రూడీ ఫ్రేజర్ మొదలుపెట్టిన బ్లాక్‌స్కై ఇలా ఫీడ్‌తోనే మొదలై, సొంత మోడరేషన్ (హద్దు మీరిన పోస్టులను ఆపే ఏర్పాటు) ఉన్న పెద్ద సమూహంగా ఎదిగింది. స్టార్టర్ ప్యాక్ అని ఇంకొకటుంది: ఒక విషయం మీద రాసే 150 మంది దాకా ఒక జాబితాలో పెట్టి లింక్ ఇస్తే, కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క నొక్కుతో అందరినీ ఫాలో అవుతారు. తొలిరోజే ఫీడ్ నిండుతుంది. 2024 ఆగస్టు చివర బ్రెజిల్‌లో ఎక్స్‌ను నిషేధించినప్పుడు లక్షలమంది ఒక్కసారిగా బ్లూస్కైకి వచ్చారు, ఎక్కడ చూసినా పోర్చుగీస్ కబుర్లే. ఒక సమూహం కలిసికట్టుగా వస్తే చోటు స్వభావమే ఎలా మారుతుందో అప్పుడు కనబడింది.

పోస్టు నిడివి బ్లూస్కైలో 300 అక్షరాలు, మాస్టొడాన్‌లో మామూలుగా 500. బ్లూస్కై 'కా', 'కి' లాంటి గుణింతాలను ఒక్కో అక్షరంగానే లెక్కపెడుతుంది కాబట్టి తెలుగుకు ఆ 300 మరీ ఇరుకేమీ కాదు.

అయితే బ్లూస్కై పెట్టుబడిదారుల డబ్బుతో నడుస్తున్న కంపెనీ. మనకు కూ అనే మన దేశపు యాప్ అనుభవం ఉంది. తెలుగుతో సహా మన భాషల్లో రాసుకోవడానికి 2020లో వచ్చింది, 2024 జులైలో మూతపడింది. రాసినవాళ్ల శ్రమ ఏమైందని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మాస్టొడాన్‌ను ఒకే ఒక్క కంపెనీ మూసేసే వీలు లేదు. కాకపోతే మన సర్వర్ నడిపేవాళ్లు చేతులెత్తేస్తే, అది మూతపడేలోపే వేరే సర్వర్‌కు మారాలి. అప్పుడు ఫాలోయర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు.

కాబట్టి ఒంటరిగా వంట గురించో, సేద్యం గురించో, సంగీతం గురించో రాసేవాళ్లకు బ్లూస్కైనే చెబుతాను. కనబడడం వాళ్లకు మొదటి అవసరం. ఒక పది ఇరవై మంది స్నేహితులుండి, వాళ్లలో సర్వర్ చూసుకోగల మనిషి ఒకరుంటే మాస్టొడాన్ మేలు. నియమాలు వాళ్లవే, ఏళ్ల తరబడి నిలుస్తుంది. రెండుచోట్లా కనబడాలంటే బ్రిడ్జీ ఫెడ్ అకౌంట్‌ను ఫాలో అవ్వండి, ఇక్కడి పోస్టులు అక్కడివాళ్లకూ చేరతాయి. ఎక్కడ రాసినా పోస్టు భాషను తెలుగు అని పెట్టండి. తెలుగు ఫీడ్ చేయాలనుకునేవాళ్లకు మీ పోస్టు దొరికే దారుల్లో అదొకటి.