కథ చెప్పించడమా, కథలోకి దింపడమా?

తెలంగాణలో 2022లో, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం వచ్చాక, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో తోటి టీచర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పిల్లలు నోరు విప్పాలంటే విన్న కథ తిరిగి చెప్పించాలా, వాళ్లనే కథలోకి దింపాలా? నేను రెండూ ఏడు చేపల కథతోనే చేసి చూశాను.

తిరిగి చెప్పించడం తేలిక. గోల ఉండదు. "చేపా చేపా, ఎందుకెండలేదు?" అనే గొలుసు పట్టుబడితే ఒకటో తరగతి పిల్లాడు కూడా చీమ దాకా ఆగకుండా వచ్చేస్తాడు. వరస గుర్తుంటుంది, నలుగురిలో నిలబడే ధైర్యం వస్తుంది. చిక్కల్లా, క్లాసులో చెప్పేది నలుగురే. అదీ ఎప్పుడూ ఆ నలుగురే.

ఇంకోరోజు తలకు తువ్వాలు చుట్టుకుని కింద కూర్చున్నాను. "నేను పాలేరును. అవ్వ బువ్వ పెట్టలేదని ఆవును మేపలేదు. రాజుగారు పనిలోంచి తీసేస్తానంటున్నారు. పెద్దమనుషులు మీరే, ఏం చేయమంటారు?" అన్నాను. కాసేపు కిసుకిసలు. తర్వాత, హాజరు పిలిస్తే తప్ప గొంతు వినిపించని పాప వెనకనుంచి అంది: "అవ్వ పెట్టకుంటే నువ్వే వండుకోరాదు?" అక్కణ్నుంచి క్లాసు ఆగలేదు. తప్పు అవ్వదని కొందరు, పిల్లాణ్ని పుట్ట దగ్గర వదిలేసినవాళ్లదని కొందరు.

నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది. తిరిగి చెప్పేటప్పుడు తర్వాత ఏం వస్తుందో అందరికీ తెలుసు, చెప్పేవాడి ధ్యాసంతా తప్పు పోకూడదన్న దాని మీదే. పాలేరు అడిగినదానికి జవాబు నాకూ తెలియదు. పైగా పాలేరుతో ఇంటి యాసలో మాట్లాడితే తప్పు పట్టేవాళ్లు లేరు. టీచరే పాత్రలోకి వెళ్లే ఈ పద్ధతికి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చినావిడ డొరొతీ హీత్‌కోట్ (1926–2011).

ఇబ్బందులు లేకపోలేదు. పీరియడ్ ఎలా అయిపోతుందో తెలియదు, పక్క క్లాసు టీచరు తొంగిచూస్తారు. కథ నోటికి రాకముందే దింపితే పిల్లలు తెల్లమొహం వేస్తారు. కాబట్టి రెండు రోజులు చెప్పించి, మూడో రోజు దింపండి. చేప, ఆవు, అవ్వ అని పాత్రలు పంచొద్దు. ఏడెనిమిది మందికే పని దొరుకుతుంది, మిగతావాళ్లు ప్రేక్షకులవుతారు. అందర్నీ ఊరిపెద్దల్ని చేయండి. బిడియస్తుల్ని లేపి నిలబెట్టకండి, పక్కవాడి చెవిలో చెబితే చాలు, వాడు అరిచి చెబుతాడు.

టీవీలో కథ వేస్తే నోళ్లు తెరుచుకుంటాయి గానీ మాట్లాడటానికి కాదు. వార్షికోత్సవం నాటకమంటే డైలాగుల బట్టీ, అది వేరే సంగతి.

వచ్చే వారం నేను చీమను. పుట్టలో వేలు పెట్టిన పిల్లాడి తరఫున వాదించడానికి ఇద్దరు ఇప్పటికే తయారుగా ఉన్నారు.