తాండూరు కందిపప్పు: కిలోకి పాతిక ఎక్కువైనా ఇదే కొంటున్నా

మాది కర్రీ పాయింట్. రోజూ పప్పు, సాంబారు ఉండాల్సిందే. తాండూరు మిల్లు నుంచి తెప్పించే ఈ పప్పు మూడు విజిల్స్‌కే వెన్నలా ఉడుకుతుంది. పప్పుగుత్తితో రెండుసార్లు మెదిపితే చాలు. పొద్దున వండింది రాత్రికీ పులవదు. 2022లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి నాపరాయి నేల, నల్లరేగడి మహిమ అంటారు.

ఇదివరకు వాడిన ఆఫ్రికా కంది చవకే, కానీ ఎంత ఉడికించినా అడుగున పలుకు మిగిలేది. 2021లో కంది దిగుమతిపై పరిమితి ఎత్తేశారు, 2023లో సుంకమూ తీసేశారు. 2023 డిసెంబర్‌లో కందిపప్పుకు బదులు వాడే పసుపు బఠానీకీ తలుపులు తెరిచారు. 2025-26కి కంది క్వింటా మద్దతు ధర 8000 రూపాయలు. పంట యార్డుకొచ్చే వేళకే ఓడలూ దిగితే ఆ ధర రైతుకెలా దక్కుతుంది? గిట్టక వాళ్లు పత్తికి మళ్లితే, రేపు విదేశంలో వానలు ముఖం చాటేసిన ఏడాది మన పప్పు ఎక్కడిది? నాకు నిజంగా భయమేస్తుంది.

ఒక్క లోపం: అక్కడక్కడా పొట్టు వస్తోంది, చెరగాలి. సంచి కుట్టు కూడా వదులు, రాగానే డబ్బాలో పోసుకోండి.