‘ది ఫ్యామిలీ’: తప్పు బాక్స్ దిగిన ఆ రాత్రి కోసం

లూక్ బెసో 2013లో తీసిన ‘ది ఫ్యామిలీ’ ఐదారుసార్లు చూశాక కూడా మళ్లీ పెట్టుకోబుద్ధి అవుతుందంటే అది ఒక్క సీను వల్ల. ఊరి ఫిల్మ్ క్లబ్ సీను. మాఫియా మీద సాక్ష్యం చెప్పి, పెళ్లాం పిల్లలతో ఫ్రాన్స్‌లోని నార్మండీ పల్లెలో మారుపేరుతో దాక్కున్నవాడి కథ అని అందరికీ తెలిసిందే. మిగతా కథ మొత్తం విప్పను.

రచయితనని చెప్పుకుని తిరుగుతున్నాడు కాబట్టి క్లబ్బు వాళ్లు అమెరికన్ సినిమా గురించి మాట్లాడమని పిలుస్తారు. వెయ్యాల్సింది 1958 నాటి ‘సమ్ కేమ్ రన్నింగ్’. ఫిల్ము బాక్సులో వచ్చింది 1990 నాటి మాఫియా సినిమా ‘గుడ్‌ఫెల్లాస్’. నోరు విప్పొద్దని కాపలా కాసే ఎఫ్‌బీఐ అధికారి (టామీ లీ జోన్స్) పక్కనే ఉంటాడు. తెర మీద ఏ బతుకు నడుస్తోందో, కుర్చీలో కూర్చున్నది ఆ బతుకు బతికిన మనిషి. పైగా ‘గుడ్‌ఫెల్లాస్’లో జిమ్మీ కాన్వే వేషం వేసిందీ, ఇక్కడ ప్రేక్షకుడిగా కూర్చున్నదీ ఒకే రాబర్ట్ డి నీరో. మధ్యలో 23 ఏళ్లు. అది తీసిన మార్టిన్ స్కోర్సేజి దీనికి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ కూడా.

ఒక సినిమా బదులు ఇంకొకటి రావడం కథ కోసం అల్లిన అబద్ధంలా అనిపించొచ్చు. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల దగ్గర రీళ్ల కాలం చూసినవాళ్లకి అలా అనిపించదు. డబ్బాల మీద పాత సినిమా చీటీ అలాగే ఉండిపోయేది, లేదా రెండు సినిమాల డబ్బాలు పక్కపక్కన తెరిచి మూతలు మార్చి పెట్టేసేవాళ్లు. హాల్లో దిగాక లెక్కపెడితే పట్టుబడాలి కదా అంటే, ఈ రెండు సినిమాల విషయంలో పట్టుబడదు. 35 ఎంఎం ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. ‘సమ్ కేమ్ రన్నింగ్’ 137 నిమిషాలు, అంటే 12,330 అడుగులు. ‘గుడ్‌ఫెల్లాస్’ 146 నిమిషాలు, 13,140 అడుగులు. 2,000 అడుగుల రీళ్లలో ఏది చుట్టినా ఏడే. డబ్బాల లెక్క సరిపోతుంది, బరువులో తేడా చేతికి తెలియదు.

పట్టుకోవాలంటే రివైండింగ్ బల్ల మీద ప్రతి రీలుకీ మొదట ఉండే లీడర్ ముక్క లాగి పేరు చదవాలి. ఆటకి అరగంట ముందు బాక్స్ దిగితే ఆపరేటర్‌కి అంత తీరిక ఉండదు. తీరిక లేకపోతే అసలు దెబ్బ లెన్స్ దగ్గర తగులుతుంది. ‘సమ్ కేమ్ రన్నింగ్’ సినిమాస్కోప్. ఫిల్ము మీద బొమ్మ అడ్డంగా సగానికి నొక్కేసి ఉంటుంది, స్కోప్ లెన్స్ దాన్ని మళ్లీ రెండింతలు సాగదీస్తుంది. ‘గుడ్‌ఫెల్లాస్’ ఫ్లాట్, అంటే నొక్కని బొమ్మ, వెడల్పు ఎత్తుకి 1.85 రెట్లు. స్కోప్ లెన్స్ బిగించి ఉన్న మిషన్‌కి ఆ ప్రింటు ఎక్కిస్తే తెర మీద మనుషులు రెండింతల లావు అవుతారు. లెన్సూ, ఫిల్ము దాటే గేటులో బొమ్మ అంచులు కత్తిరించే ప్లేటూ రెండూ మార్చాలి. లెన్స్ ఒక్కటే మారిస్తే అంచులు తప్పుగా తెగుతాయి. ఈ సినిమాలో పొరపాటుని ముందే జనానికి చెప్పేస్తారు కాబట్టి ఆ బాధ లేదు, బొమ్మ సరిగ్గానే పడుతుంది. తెర వెనక ఎంత పని జరిగి ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ సీను ఇంకాస్త దగ్గరవుతుంది.

మొదటిసారి చూసినప్పుడు సినిమా అంతా ఇంతే గట్టిగా ఉందనిపించింది. చూడగా చూడగా ఆ మాట కొంచెం తగ్గించుకోవాల్సి వచ్చింది. క్లబ్బు రాత్రి నమ్మించిన దర్శకుడే, కుటుంబం ఆచూకీ బయటపడే దారిని నమ్మించలేకపోయాడు. కొడుకు వారెన్ స్కూలు పత్రికలో రాసిన ముక్క చేతులు మారి మారి, సముద్రం దాటి, అమెరికా జైల్లో ఉన్న మాఫియా డాన్ కళ్లపడుతుంది. అది వరసగా చూపించే తీరు సరదాగానే ఉంటుంది. కానీ బాక్స్ మారడానికి ఒక్క చెయ్యి తప్పితే చాలు, ఇక్కడ అన్ని చేతులూ సరిగ్గా ఒకే వైపు తిరగాలి. చివరి కాల్పులన్నీ దాని మీదే నిలబెట్టారు, అందుకే అక్కడ భయం పుట్టదు. ఫిల్మ్ క్లబ్‌లో కూడా ఒక వెలితి ఉంది. డి నీరో లేచి ఏం మాట్లాడాడో ఇంకాస్త విననివ్వాల్సింది. చప్పట్లు మనకి చేరినంతగా మాటలు చేరవు.

నార్మండీ పల్లెటూరి వాళ్లంతా ఇంగ్లీషులో మాట్లాడటం ఇంకో లోపం. పరాయి దేశంలో పోలీసు కూడా తెలుగు మాట్లాడే సినిమాలు చూస్తూ పెరిగాం కాబట్టి మనకి అది పంటి కింద రాయిలా తగలదు. కుళాయిలో మట్టిరంగు నీళ్లు వస్తే ప్లంబర్‌తో మొదలుపెట్టి పైపైకి వెళ్లి తేల్చుకునే గొడవ మాత్రం ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే హాల్లో పెట్టకండి, కొట్టుడూ బూతులూ రెండూ గట్టిగానే ఉన్నాయి. ‘గుడ్‌ఫెల్లాస్’ చూడనివాళ్లు ముందు అది చూసి, ఓ వారం ఆగి దీనికి రండి. రీళ్ల కాలం మీద మమకారం ఉన్నవాళ్ల కళ్లతో ఇచ్చిన మార్కులివి, ఐదుకి మూడున్నర. ఆ మమకారం లేనివాళ్లు అర మార్కు తగ్గించుకోవచ్చు.