లీచెస్, చెస్ డాట్ కామ్: పిల్లల్ని ఆన్‌లైన్ చెస్‌లో పైకి తేవడానికి ఎంతవరకు పనికొస్తాయి?

చెస్ డాట్ కామ్‌లో డబ్బు కట్టే డైమండ్ మెంబర్‌షిప్ తీసుకోవాలా, లీచెస్ ఫ్రీ కదా అది సరిపోదా అని మా చుట్టాల్లో, ఆఫీసులో చాలామంది అడుగుతున్నారు, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా. మా అక్క కొడుకు హనుమకొండలో ఉంటాడు, పదకొండేళ్లు, రోజూ రెండింట్లోనూ ఆడతాడు. మెంబర్‌షిప్ డబ్బులు కట్టేది మేనమామని నేనే, ఆదివారం వాడి పక్కన కూర్చుని గేములు చూసేదీ నేనే. టైంపాస్‌కి ఆడుకునేవాళ్లకి ఈ రివ్యూతో పెద్దగా పనుండదు. పిల్లాడు బాగా ఆడుతున్నాడు, వీడిని గట్టిగా ట్రై చేయిద్దామా అని ఇంట్లో మాటలు మొదలైనవాళ్ల కోసం రాస్తున్నా.

ముందు లీచెస్. ఇది పూర్తిగా ఫ్రీ, యాడ్స్ లేవు, పేవాల్ లేదు, ఫ్రాన్స్‌లో రిజిస్టర్ అయిన ఒక నాన్ ప్రాఫిట్ సంస్థ విరాళాల మీద నడుపుతోంది, 2010లో తిబో డ్యుప్లెసి అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు, కోడ్ కూడా ఓపెన్ సోర్స్. ఫ్రీ అంటే నాసిరకం అనుకునే అలవాటు మనకుంది కానీ ఇక్కడ ఆ మాటే లేదు. పజిల్స్ ఎన్ని కావాలంటే అన్ని, అవన్నీ నిజంగా ఎవరో ఆడిన గేముల్లోంచి తీసినవే, పైగా ఫోర్క్, పిన్, రూక్ ఎండ్‌గేమ్ అని టాపిక్ ఎంచుకుని అవే చేసుకోవచ్చు. గేమ్ అయ్యాక స్టాక్‌ఫిష్ ఇంజన్‌తో, అంటే ఏ ఎత్తు మంచిదో లెక్కగట్టి చెప్పే సాఫ్ట్‌వేర్‌తో, చెక్ చేసుకోవడానికి పైసా కట్టక్కర్లేదు, తర్వాత తప్పుల నుంచి నేర్చుకో అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే మనం తప్పు చేసిన పొజిషన్లన్నీ ఒక్కొక్కటిగా తెచ్చి ఇప్పుడు ఆడు చూద్దాం అంటుంది. చిన్నపిల్లలకి కిడ్ మోడ్ ఉంది, ఆన్ చేస్తే చాట్, మెసేజ్‌లు మాయమైపోతాయి, అమ్మానాన్నలు అకౌంట్ తెరవగానే చెయ్యాల్సిన మొదటి పని అదే.

అన్నిటికంటే నాకు నచ్చింది స్టడీ ఫీచర్. కోచ్ చెన్నైలో, పిల్లాడు హనుమకొండలో ఉన్నా ఇద్దరూ ఒకే బోర్డు మీద ఎత్తులు కదుపుకోవచ్చు, బాణాలు గీసుకోవచ్చు, పక్కన నోట్స్ రాసుకోవచ్చు, క్లాస్ అయ్యాక కూడా అదంతా చాప్టర్లుగా అలాగే ఉంటుంది. వరంగల్ లాంటి ఊళ్లలో ఉన్న పిల్లలకి ఇది ఎంత పెద్ద విషయమో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి అర్థం కాకపోవచ్చు. మంచి కోచ్ కోసం ఊరు మారాల్సిన అవసరం చాలావరకు దీంతో తప్పింది.

ఇక చెస్ డాట్ కామ్. 2007లో మొదలైంది, 2025కల్లా మెంబర్లు 20 కోట్లు దాటారని వాళ్లే ప్రకటించారు. ఇంతమంది ఉండటం వల్ల లాభం ఏంటంటే రాత్రైనా పగలైనా క్షణాల్లో మన స్థాయి వాడు దొరుకుతాడు, స్థాయి పెరిగేకొద్దీ ఇంకా గట్టివాడు దొరుకుతాడు. పెద్ద ప్లేయర్లు ప్రైజ్ మనీకి ఆడే ఆన్‌లైన్ టోర్నమెంట్లు ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. 2022లో ప్రపంచ నంబర్ వన్ ప్లేయర్ మాగ్నస్ కార్ల్‌సన్ కంపెనీ ప్లే మాగ్నస్ గ్రూప్‌ని కొనేశాక చాంపియన్స్ చెస్ టూర్ అనే టోర్నమెంట్ల సిరీస్, చెస్సబుల్ అనే కోర్సుల సైట్ కూడా వీళ్ల చేతికే వచ్చాయి. చెస్సబుల్‌లో ఓపెనింగ్ లైన్లు, అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసలు, కొన్ని రోజుల గ్యాప్‌తో మళ్లీ మళ్లీ అడుగుతారు, బట్టీ పడకుండా గుర్తుండటానికి అది నిజంగా పనిచేస్తుంది, కానీ చిన్న స్థాయి పిల్లలకి ఓపెనింగ్ కోర్సులు కొనిపెట్టడం దండగే, వాళ్లు ఓడిపోయేది పదో ఎత్తులో కాదు, ముప్పయ్యో ఎత్తులో గుర్రాన్ని ఊరికే ఇచ్చేసి.

డబ్బు కట్టేది ముఖ్యంగా గేమ్ రివ్యూ కోసం, పజిల్స్ కోసం, లెసన్స్ కోసం. ఫ్రీ అకౌంట్‌కి ఇవి లెక్కపెట్టి ఇస్తారు, డైమండ్‌లో లిమిట్ లేదు. గేమ్ రివ్యూ చూడ్డానికి చాలా బాగుంటుంది, మంచి ఎత్తుకి బ్రిలియంట్ అని రెండు ఆశ్చర్యార్థకాలు వేస్తుంది, చెత్త ఎత్తుకి బ్లండర్ అంటుంది, చివర్లో ఆక్యురసీ ఇంత శాతం అని చూపిస్తుంది. మావాడు ఫోన్ చేసి "మామా, ఇవాళ నా ఆక్యురసీ 91" అంటాడు. "సరేరా, ఆ గుర్రాన్ని వెనక్కి ఎందుకు తెచ్చావ్" అంటే "ఇంజన్ కూడా అదే చూపించింది మామా" అంటాడు. ఎందుకు అన్నదానికి జవాబు లేదు! ఎదుటివాడు తేలిగ్గా ఓడిపోతే ఎవరికైనా 90 పైన వస్తుంది, ఆ నంబర్ చూసి బాగా ఆడాడని అనుకోవద్దు. థర్మామీటర్ జ్వరం ఎంతుందో చెప్తుంది, ఎందుకొచ్చిందో చెప్పదు, గేమ్ రివ్యూ కూడా అంతే.

రేటింగ్, అంటే ఆట స్థాయిని చూపే నంబర్, దాని గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడే పేరెంట్స్ ఎక్కువ కన్‌ఫ్యూజ్ అవుతున్నారు. లీచెస్‌లో కొత్త అకౌంట్ 1500 దగ్గర మొదలవుతుంది, మామూలుగా అదే పిల్లాడికి చెస్ డాట్ కామ్‌లో నంబర్ తక్కువ ఉంటుంది, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగ్ ఈ రెండింటికీ సంబంధం లేని మూడోది, అది బోర్డు ముందు కూర్చుని ఆడితేనే వస్తుంది, 2024 మార్చి నుంచి 1400 కంటే తక్కువ ఉంటే లిస్టులోనే ఉండదు. లీచెస్‌లో 1900 అని విని ఫిడేలో కూడా దాని దగ్గర్లో ఉంటాడనుకుని టోర్నమెంట్‌కి పంపిస్తే పిల్లాడు ఏడుస్తూ ఇంటికొస్తాడు, తప్పు వాడిది కాదు. ఇంకోటి, ఎరీనా గ్రాండ్‌మాస్టర్ అని ఆన్‌లైన్‌లో ఆడి ఫీజు కడితే వచ్చే టైటిల్ ఒకటుంది, దాన్నీ మామూలు గ్రాండ్‌మాస్టర్ టైటిల్‌నీ ఒకటే అనుకోకండి, అసలు గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగ్, దాంతోపాటు మూడు నార్మ్‌లు, అంటే గట్టి టోర్నమెంట్లలో 2600 స్థాయిలో ఆడి చూపించిన ఫలితాలు, కావాలి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. టాలెంట్ ఉందో లేదో తెలుసుకోడానికి ఈ రెండు సైట్లు చాలు, అందులో నాకు ఏ డౌటూ లేదు. కానీ టాలెంట్ ఉన్న పిల్లాడికి చాన్స్ ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్ అంటే అందరికీ తలుపులు తెరిచి ఉంటాయని అనుకుంటాం. చెస్ డాట్ కామ్‌లో అందరూ మాట్లాడుకునే టోర్నమెంట్ టైటిల్డ్ ట్యూస్‌డే, మంగళవారం, మన టైంలో రాత్రి పూట, 11 రౌండ్లు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఎత్తుకో సెకను అదనం. కార్ల్‌సన్, నకమురా లాంటివాళ్లు అందులో ఆడతారు, మన పిల్లాడు కూడా వాళ్ల మీద పడే చాన్స్ ఉంది, కానీ పేరులోనే ఉంది కదా, టైటిల్ ఉంటేనే ఎంట్రీ. ఫిడే టైటిళ్లలో ఓపెన్ కేటగిరీలో అన్నిటికంటే చిన్నది క్యాండిడేట్ మాస్టర్, దానికే 2200 ఫిడే రేటింగ్ కావాలి. అంటే ఆన్‌లైన్‌లో పైకి వెళ్లే దారి మళ్లీ తిరిగి హోటల్ హాళ్లలో జరిగే రేటింగ్ టోర్నమెంట్ల గుండానే పోతుంది, ట్రైన్ టికెట్లు, రూములు, ఎంట్రీ ఫీజులు, నార్మ్‌ల దాకా వచ్చాక కొంతమందికి విదేశీ ప్రయాణాలు. మెంబర్‌షిప్ పేజీలో ఈ ఖర్చు కనిపించదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అయినా తలుపు తెరుచుకున్నప్పుడు ఎలా ఉంటుందో మనవాడే చూపించాడు. అర్జున్ ఎరిగైసి, మన వరంగల్ కుర్రాడు, 2018లోనే, పదిహేనేళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, కానీ ఆ తర్వాత కరోనా వచ్చి బోర్డు టోర్నమెంట్లు ఆగిపోయాయి. 2021లో చాంపియన్స్ చెస్ టూర్‌లో గోల్డ్‌మనీ ఏషియన్ ర్యాపిడ్ అని ఆన్‌లైన్ టోర్నమెంట్ జరిగింది, దాంట్లో అర్జున్ నాకౌట్‌కి వెళ్లాడు, ఆ టూర్‌లో అంతవరకు ఏ ఇండియనూ అక్కడిదాకా వెళ్లలేదు. మరుసటి ఏడాది ఎయిమ్‌చెస్ ర్యాపిడ్‌లో, అదీ ఆన్‌లైనే, కార్ల్‌సన్‌ని ఓడించాడు. 2024 డిసెంబర్ ఫిడే రేటింగ్ లిస్టులో 2800 దాటాడు. 2025లో రియాద్‌లో ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో మొదటిసారి చెస్ పెట్టారు, 15 లక్షల డాలర్ల ప్రైజ్ పూల్, పది నిమిషాల గేములు, ఎత్తుకింత అని అదనపు టైం కూడా లేదు, అక్కడ జెన్‌జీ అనే ఈస్పోర్ట్స్ టీం జెర్సీతో ఆడి నాలుగో స్థానంలో నిలిచాడు. పబ్జీ, వాలరెంట్ ఆడే టీంల మధ్య మన హనుమకొండ వీధుల్లో పెరిగిన కుర్రాడు కూర్చుని చెస్ ఆడుతుంటే చూడ్డం నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఆన్‌లైన్ గేమ్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లకి రమ్మీలో పోయిన డబ్బులే గుర్తొస్తాయి, తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించారు కాబట్టి ఆ భయం సహజమే. వాళ్లకి చెప్పండి, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించి ఈస్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది అని.

మెంటరింగ్ దగ్గర మాత్రం రెండు సైట్లకీ నేను తక్కువ మార్కులే ఇస్తా, అది వాళ్ల లోపం అని కూడా అనను, అది సాఫ్ట్‌వేర్ చేసే పని కాదు. అర్జున్ వెనక శ్రీనాథ్ నారాయణన్ కోచ్‌గా ఏళ్ల తరబడి పనిచేశారు. హంపి గారికి వాళ్ల నాన్నగారే కోచ్. 2021లో జూలియస్ బేర్ చాలెంజర్స్ టూర్ అని పెట్టారు, అందులో కుర్ర ప్లేయర్లని రెండు టీంలు చేసి ఒకదానికి మహిళా చెస్ దిగ్గజం జూడిట్ పోల్గార్‌ని, ఇంకోదానికి మాజీ వరల్డ్ చాంపియన్ క్రామ్నిక్‌ని మెంటర్లుగా పెట్టారు, మొదటి టోర్నమెంట్ ప్రజ్ఞానంద గెలిచి పెద్దవాళ్ల టూర్‌లోకి ఎంట్రీ సంపాదించాడు, తర్వాతి ఏడాది అదే టూర్‌లో పదహారేళ్లకి కార్ల్‌సన్‌ని ఓడించాడు. టాలెంట్, దాని పక్కనే ఒక పెద్దమనిషి, గెలిస్తే పైమెట్టుకి చాన్స్, మూడూ ఒకేచోట దొరికిన ఏర్పాటు అది, ఇలాంటివి ఇంకా రావాలి. వరల్డ్ చాంపియన్‌షిప్ ఆడే గుకేశ్‌కి కూడా 2024లో మన గుంటూరు హరికృష్ణ గారు టీంలో ఉండి సాయం చేశారు. ఆ స్థాయిలో ఉన్నవాడికే మనిషి తోడు కావాల్సి వస్తే పదకొండేళ్ల వాడికి యాప్ ఒక్కటే సరిపోతుందని ఎలా అనుకుంటాం?

కోచింగ్ అనగానే ఆన్‌లైన్‌లో బోలెడు కంపెనీలు ఉన్నాయి. మావాణ్ణి ఒకదాంట్లో చేర్పించాం, పేరు వద్దు. స్క్రీన్ మీద గుంపుగా పిల్లలు, రేటింగ్‌తో పనిలేకుండా అందరికీ ఒకటే పాఠం, డెమో క్లాస్‌లో చెప్పిన సార్ ఫీజు కట్టాక కనబడలేదు, మావాడు ఓడిన గేమ్ ఒక్కటి కూడా ఎవరూ తెరిచి చూడలేదు. మానిపించి ఒక్కరికే చెప్పే కోచ్‌ని పెట్టాం, పెద్ద టైటిల్ ఏమీ లేదు ఆయనకి, కానీ క్లాస్‌కి ముందు పిల్లాడే తను ఓడిన గేమ్ స్టడీలో పెట్టి, ఏ ఎత్తు దగ్గర ఏం అనుకున్నాడో తెలుగులో రాయాలి, ఇంజన్ ఆన్ చెయ్యకూడదు, సార్ అది చదివాకే క్లాస్ మొదలుపెడతారు. మావాడి ఆటలో మార్పు అక్కడ్నుంచే మొదలైంది. మీరు ఎవర్ని పెట్టినా ఈ ఒక్కటి అడగండి, మా పిల్లాడి గేములు మీరు చూస్తారా అని.

కోచ్‌కి డబ్బు పెట్టలేని వాళ్లకి ఒక దారి ఉంది. డానియెల్ నరోడిట్‌స్కీ అనే అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ యూట్యూబ్‌లో స్పీడ్‌రన్ వీడియోలు పెట్టాడు, తక్కువ రేటింగ్ నుంచి మొదలుపెట్టి పైకి ఎక్కుతూ ప్రతి ఎత్తు దగ్గరా తన బుర్రలో ఏం నడుస్తోందో నోటితో చెప్తాడు, అన్నీ ఫ్రీ. 2025 అక్టోబర్‌లో చాలా చిన్న వయసులో పోయాడు, నాకు చాలా బాధేసింది. ఇంగ్లీష్‌లోనే ఉంటాయి, పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవాళ్లు ఉంటే చిన్న పిల్లలకి కూడా ఎక్కుతాయి.

ఫెయిర్‌ప్లే గురించి పిల్లలకి ముందే చెప్పండి. రెండు సైట్లూ ఇంజన్ వాడినవాళ్లని పట్టుకుంటాయి, అకౌంట్ పోతుంది, కష్టపడి తెచ్చుకున్న పేరు కూడా పోతుంది. అన్నయ్య వచ్చి తమ్ముడి అకౌంట్‌లో ఒక గేమ్ ఆడటం, నాన్న వెనక నుంచి ఎత్తు చెప్పడం కూడా తప్పే, మన ఇళ్లలో దీన్ని సరదాగా తీసుకుంటారు, తీసుకోకండి.

మా ఇంట్లో ప్రస్తుతం నడుస్తున్నది ఇదీ: పజిల్స్, గేమ్ చెకింగ్, కోచ్ క్లాస్ అన్నీ లీచెస్‌లో, రోజుకి రెండు మూడు పది నిమిషాల గేములు చెస్ డాట్ కామ్ ఫ్రీ అకౌంట్‌లో, బుల్లెట్ అనే నిమిషం రెండు నిమిషాల గేములు అయితే ఆదివారం మాత్రమే. డైమండ్ ఈసారి రెన్యూ చెయ్యట్లేదు, ఆ డబ్బులు కోచ్ ఫీజులోకి, దసరా సెలవుల్లో రేటింగ్ టోర్నమెంట్ ఎంట్రీకి పోతాయి. మావాడికి 2200 వచ్చి టైటిల్డ్ ట్యూస్‌డేకి అర్హత దొరికిన రోజు డైమండ్ సంగతి మళ్లీ ఆలోచిస్తా.