పుల్ల ఐసు, కవర్ ఐస్‌క్రీమ్, అరటిపండు ఐస్‌క్రీమ్: పిల్లలతో ఇంట్లో చేయడానికి ఏది మేలు?

ఎండాకాలం సెలవుల్లో పొద్దున్న, సాయంత్రం ఎలాగో గడిచిపోతాయి. కష్టమంతా మధ్యాహ్నంతోనే. ఎండ నెత్తిన ఉన్న ఆ నాలుగైదు గంటలు పిల్లలు ఇంట్లోనే ఉండాలి. ముందు "చల్లగా ఏమైనా పెట్టమ్మా" అంటారు. అది తినేసిన పది నిమిషాలకే "ఇప్పుడేం చెయ్యాలి?" అంటూ మళ్లీ వస్తారు. చాలా రోజులు ఈ రెండింటికీ నేను విడివిడిగా జవాబులు వెతికాను. తర్వాత అర్థమైంది, తినేదాన్ని వాళ్ల చేతే చేయిస్తే రెండూ తీరతాయని.

అందుకే ఈ మూడింటినీ రుచి ఒక్కటే చూసి తూచడం లేదు. పిల్లల చేతికి ఎంత పని దొరుకుతుంది, ఎంతసేపు ఆగాలి, పెద్దవాళ్లు తర్వాత ఎంత తుడుచుకోవాలి, అందులో ఎంత చక్కెర పడుతుంది అన్నవి కూడా చూశాను. మా ఇంట్లో నాలుగేళ్ల పాప, పదేళ్ల బాబు ఉన్నారు. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు కాబట్టి తేడాలు బాగా తెలిశాయి.

పుల్ల ఐసు

దీని పుట్టుక గురించి చెప్పుకునే కథే పిల్లలకు సగం ఉత్సాహం. 1905లో అమెరికాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే పదకొండేళ్ల కుర్రాడు పొడి కలిపిన తీపి నీళ్ల గ్లాసును, కలిపిన పుల్లతో సహా రాత్రి ఆరుబయట మరిచిపోయాడట. తెల్లారేసరికి అది పుల్ల చుట్టూ గడ్డకట్టింది. పెద్దయ్యాక, 1920లలో, దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఈ కథ చెప్పాక మా పాప ప్రతిసారీ "ఆ అన్నయ్య ఐసు చేద్దాం" అంటుంది.

పని తేలికే. మెత్తగా చిదిమిన పండు, కొంచెం చక్కెర, అచ్చులు లేకపోతే చిన్న స్టీలు గ్లాసులు చాలు. అయితే కొన్ని సంగతులు తెలియకపోతే నిరాశే మిగులుతుంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి కాబట్టి గ్లాసు అంచుదాకా పోయకూడదు. నాలుక చల్లబడితే తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి కలిపేటప్పుడు రుచి చూస్తే రవ్వంత ఎక్కువ తీపిగా ఉండాలి. అలాగని చక్కెర గుమ్మరిస్తే సరిగ్గా గడ్డకట్టదు, పుల్ల లాగితే చేతికి పుల్లే వస్తుంది. చక్కెర మరీ తగ్గితే పళ్లకు ఆనని రాయిలా అవుతుంది. పుచ్చకాయలో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి దాన్ని ఒక్కదాన్నే గడ్డకట్టిస్తే గట్టి ఐసుముక్కే. సగం అరటిపండో, రెండు చెంచాల పెరుగో కలిపితే కొరకడానికి మెత్తగా ఉంటుంది.

పుల్ల మొదట్లోనే పెడితే పక్కకు వాలిపోతుంది. గంట, గంటన్నర తర్వాత గుజ్జు చిక్కబడ్డాక గుచ్చితే నిటారుగా నిలుస్తుంది. తీసేటప్పుడు గ్లాసును కుళాయి నీళ్ల కింద కొన్ని క్షణాలు తిప్పితే చాలు, గుంజనక్కర్లేదు.

దీని లోటు ఒక్కటే, కానీ పెద్దది. పిల్లలకు పని పదిహేను నిమిషాలు, ఎదురుచూపు ఐదారు గంటలు. ఫ్రీజర్ తలుపు తెరిచి చూసిన ప్రతిసారీ ఆ సమయం ఇంకా పెరుగుతుంది. మా పాప ఒకసారి రెండు గంటలకే లాగేసింది. పైన గట్టిగా, లోపల నీళ్లగా ఉన్న ఐసు గౌను మీద కారిపోతుంటే ఏడుస్తూ నిలబడింది. అప్పటినుంచి రాత్రి పడుకోవడానికి గంటన్నర ముందే పోసి పెడుతున్నాం. అలా చేస్తే మర్నాటికి తిండి సిద్ధం, కానీ మధ్యాహ్నానికి పని లేదు.

ఆ ఖాళీని పూడ్చడానికి అదే రాత్రి ఒక డబ్బాలో నీళ్లు పోసి, పాత ప్లాస్టిక్ బొమ్మలు నాలుగు వేసి ఫ్రీజర్‌లో పెడతాను. మధ్యాహ్నం ఆ ఐసుగడ్డను పళ్లెంలో పెట్టి, ఒక చెంచా, గోరువెచ్చని నీళ్లు, గుప్పెడు ఉప్పు ఇస్తే, బొమ్మల్ని బయటికి తీసే పని ముప్పావుగంట నడుస్తుంది. మూడేళ్లలోపు పిల్లలుంటే మింగేటంత చిన్న బొమ్మలు వద్దు. నీళ్ల ఆట ఏదైనా సరే, అయిపోగానే బకెట్లు, టబ్బులు వెంటనే ఒంపేయండి. చిన్నపిల్లలకు నాలుగు వేళ్ల లోతు నీళ్లు కూడా ప్రాణం మీదికి తెస్తాయి. వాళ్లు నీళ్ల దగ్గర ఉన్నంతసేపూ పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి.

కవర్ ఐస్‌క్రీమ్

ఆ ఐసుగడ్డ దగ్గరే మా బాబు ఒక ప్రశ్న అడిగాడు: "ఉప్పు వేస్తే ఐసు కరిగిపోతోంది కదా, మరి ఉప్పూ ఐసూ కలిపి ఐస్‌క్రీమ్ గడ్డకట్టిస్తారని చదివాను, ఎలా?" ఈ మూడింటిలో నాకు ఇదే ఎక్కువ ఇష్టం కావడానికి ఆ ప్రశ్నే కారణం.

ముందు చేసే తీరు. చిన్న జిప్ కవర్లో అర కప్పు కాచి చల్లార్చిన పాలు, అర కప్పు క్రీమ్, చెంచాన్నర చక్కెర, రెండు చుక్కల వనిల్లా వేసి గాలి తీసేసి మూయాలి. దాన్ని ఇంకో చిన్న కవర్లో పెట్టి మళ్లీ మూయాలి. పెద్ద జిప్ కవర్లో నాలుగు కప్పుల ఐసుముక్కలు, అర కప్పు కల్లుప్పు వేసి, చిన్న కవర్ను మధ్యలో పెట్టి, పెద్దది కూడా మూసి, టవల్‌లో చుట్టి ఎనిమిది, పది నిమిషాలు ఊపాలి. లోపల ఐస్‌క్రీమ్ తయారవుతుంది.

ఇప్పుడు బాబు ప్రశ్న. ఐసు కరగాలంటే దానికి వేడి కావాలి. ఒక గ్రాము ఐసు కరగడానికి దాదాపు 334 జౌల్‌ల (జౌల్ అంటే వేడిని, శక్తిని కొలిచే ప్రమాణం) వేడి పడుతుంది. మామూలుగా ఐసూ, కరిగిన నీళ్లూ కలిసి సున్నా డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటాయి. ఉప్పు పడగానే ఆ నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టలేవు, ఐసు మాత్రం కరుగుతూనే పోతుంది. కరగడానికి కావలసిన వేడిని పక్కనున్న పాల నుంచీ, తన నుంచీ తానే లాక్కుంటుంది. అందుకే కరిగే కొద్దీ కవర్ ఇంకా చల్లబడుతుంది. ఉప్పు, నీళ్లు సరైన పాళ్లలో ఉంటే ఆ మిశ్రమం సున్నాకు 21 డిగ్రీల కిందిదాకా పోగలదు. ఇంట్లో కవర్లో అంత దూరం పోకపోయినా ఫర్వాలేదు, చక్కెర కలిపిన పాలు సున్నాకు రెండు మూడు డిగ్రీల కిందే గడ్డకట్టడం మొదలుపెడతాయి.

మాటలతో చెబితే వాడు తల ఊపాడంతే. రెండు పెద్ద కవర్లు పెట్టి, ఒకదానిలో ఉప్పు వేయకుండా, రెండూ పది నిమిషాలు ఊపించాను. ఉప్పు లేని కవర్లో పాలు చల్లని పాలుగానే ఉన్నాయి. రెండోదాంట్లో ఐస్‌క్రీమ్. అప్పుడు వాడి ముఖం చూడాలి.

ఊపడం కూడా ఊరికే కాదు. కదపకుండా వదిలేస్తే పాలలో పెద్ద పెద్ద ఐసు పలుకులు కట్టి నోట్లో గరుకుగా తగులుతాయి. కదుపుతూ ఉంటే అవి చిన్నగానే ఉండిపోతాయి, కొంచెం గాలి కూడా కలుస్తుంది. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే ఆవిడ పేటెంట్ తీసుకున్న చేతిపిడి ఐస్‌క్రీమ్ మరలోనూ జరిగేది ఇదే: బయటి బాల్చీలో ఉప్పూ ఐసూ, లోపలి డబ్బాలో తిరిగే తెడ్డు.

ఇక కష్టాలు. మొదటిసారి నేను చిన్న కవర్ ఒక్కటే వాడాను. ఎక్కడో సన్నగా కారి ఉప్పునీళ్లు లోపలికి వెళ్లాయి. పది నిమిషాలు చేతులు నొప్పి పుట్టేలా ఊపిన పిల్లలు మొదటి చెంచాకే ఉమ్మేశారు. ఇప్పుడు తప్పకుండా రెండు కవర్లు, తెరిచే ముందు కవర్ బయట చల్లని నీళ్లతో కడిగి తుడవడం. టవల్ లేకుండా మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. ఉప్పు కలిసిన ఐసు మామూలు ఐసు కన్నా బాగా చల్లన, వట్టి చేత్తో ఎక్కువసేపు పట్టుకుంటే చర్మం కమిలిపోతుంది.

అసలు ఖర్చు ఐసుముక్కలే. ఒక కవర్‌కు నాలుగు కప్పులు కావాలి, వచ్చే ఐస్‌క్రీమ్ రెండు చిన్న గిన్నెలు. నలుగురు పిల్లలకు రెండు కవర్లన్నా కావాలంటే ముందు రోజు నుంచే ట్రేలు నింపుతూ ఉండాలి. క్రీమూ చక్కెరా ఉన్నాయి కాబట్టి రోజూ చేసేది కూడా కాదు. మిగిలిన ఉప్పునీళ్లు మొక్కల్లో పోయకండి, వేళ్లు దెబ్బతింటాయి.

అరటిపండు ఐస్‌క్రీమ్

దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, కానీ మా ఇంట్లో ఎక్కువసార్లు అయ్యేది ఇదే. బాగా మాగి తొక్క మీద మచ్చలు పడ్డ పండు తీసుకుని, ముందే తొక్క ఒలిచి చక్రాలుగా కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి మూడు నాలుగు గంటలు ఫ్రీజర్‌లో పెట్టాలి. తీసి ఐదు నిమిషాలు ఆగి, మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. మొదట పొడిపొడిగా అవుతుంది. అక్కడితో పాడైందని ఆపేస్తారు చాలామంది. గోడలకంటింది గీకి ఇంకో రెండు సార్లు తిప్పితే ఒక్కసారిగా వెన్నలా మారుతుంది. వెంటనే తినాలి, ఉంచితే నల్లబడుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం ఆ నల్లబడడాన్ని కొంచెం ఆపుతుంది.

ఇందులో చక్కెర వేయనక్కర్లేదు, పాలు పడని పిల్లలకు కూడా ఇబ్బంది లేదు. కానీ పిల్లల పని కోయడంతో అయిపోతుంది, మిక్సీ మనమే తిప్పాలి. మధ్యాహ్నాన్ని గడపడానికి ఇది పనికిరాదు. ఆకలికి, వేడికి మాత్రం దీన్ని మించింది లేదు.

చక్కెర సంగతి

రోజు మొత్తం తినే శక్తిలో విడి చక్కెరల నుంచి వచ్చేది పది శాతం మించకూడదని, ఐదు శాతం లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పండును పండుగా తింటే అందులోని తీపి ఈ లెక్కలోకి రాదు. పండ్ల రసంలోని తీపి మాత్రం వస్తుంది. అంటే వడకట్టిన రసంతో చేసిన పుల్ల ఐసు "పండ్లతో చేసిందే కదా" అనుకోవడానికి లేదు. నేను వడకట్టడం మానేశాను. సగం పండును ముక్కలుగానే వేస్తాను, అవి పుల్ల ఐసులో కనబడుతుంటే అందంగా కూడా ఉంటుంది. ద్రాక్ష వేస్తే మాత్రం ఐదేళ్లలోపు పిల్లలకు పొడవుగా నాలుగు చీలికలు చేయాలి, గుండ్రంగా వదిలితే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఏడాది లోపు పాపాయికి చక్కెర బదులని తేనె అసలు పెట్టకూడదు.

మరి ఏది?

పిల్లలు ఐదేళ్ల లోపు వాళ్లయితే పుల్ల ఐసు. చిదమడం, పోయడం, పుల్ల గుచ్చడం వాళ్ల చేతులకు సరిపోయే పనులు. అయితే రాత్రే పోసి పెట్టి, మధ్యాహ్నానికి ఐసులో బొమ్మల ఆట జత చేయండి. అది లేకుండా పుల్ల ఐసు ఒక్కటే అయితే నేను దీన్ని సిఫారసు చేయను.

ఏడెనిమిదేళ్లు దాటితే, ఒక్క మధ్యాహ్నం నిండుగా గడవాలంటే కవర్ ఐస్‌క్రీమే, రెండో ఆలోచన వద్దు. ఉప్పు లేని కవర్‌ను కూడా తప్పకుండా పెట్టండి. ఐసు కొంచెం ఎక్కువ ఖర్చవుతుందని దాన్ని తీసేస్తే, ఊపడం మిగులుతుంది, ఆశ్చర్యం పోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లిద్దరూ పనిలో ఉండి, తుడుచుకునే ఓపిక లేని రోజుకు అరటిపండు. అందుకే ఫ్రీజర్‌లో ఒక డబ్బా అరటి చక్రాలు ఎప్పుడూ ఉంచుతాను.

మాలాగా ఇద్దరికీ వయసు తేడా ఉంటే పని పంచండి. మొన్న శనివారం పాప పాలూ చక్కెరా కొలిచి కలిపింది, బాబు కవర్లు మూసి టవల్ చుట్టాడు, ఊపడం వంతులవారీగా ఒక్కొక్కరు యాభై లెక్కపెట్టేదాకా. పాపకు ఇరవై తర్వాత అంకెలు రావు కాబట్టి రెండున్నర సార్లు ఇరవై లెక్కపెట్టాలని అన్నయ్యే నేర్పాడు.